డ్రమ్ములతో నిండిన గోడౌన్‌లో రిసీవర్లను ఎక్కడ అమర్చాలి?

ప్రశ్న (చిత్తూరు, గోడౌన్ నిర్వాహకుడు):

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తయారుచేసే ఒక పరిశ్రమలో గోడౌన్ బాధ్యత నాది. 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల రేకుల కప్పు గోడౌన్‌లో తోతాపురి గుజ్జు నింపిన ఇనుప డ్రమ్ములను, ప్యాలెట్‌కు (సరుకు పేర్చే చెక్క వేదికకు) నాలుగు చొప్పున, మూడు వరుసల ఎత్తున పేరుస్తాము. ఎగుమతికి ఒక లాటు కావలసి వస్తే అది ఏ సందులో ఉందో వెతకడానికే సగం పూట పోతోంది. అందుకని ప్రతి ప్యాలెట్‌కూ బ్లూటూత్ ట్యాగు కట్టి, ఆ ట్యాగుల సంకేతాలను అందుకునే 12 రిసీవర్లను కప్పు దూలాలకు సమాన దూరాలలో బిగించాము. ఏప్రిల్‌లో గోడౌన్ ఖాళీగా ఉన్నప్పుడు రెండు మూడు మీటర్ల తేడాతో చోటు చూపిన ఈ ఏర్పాటు, సీజను ముగిసి సరుకు నిండాక మూడో సందులోని ప్యాలెట్‌ను ఐదో సందులో చూపుతోంది. రిసీవర్లను 20కి పెంచమంటారా, ఉన్నవాటినే గోడలకు మార్చమంటారా?

జవాబు (తిరుపతి):

ఖాళీ గోడౌన్‌లో తీసిన కొలతలను ముందు పక్కన పెట్టండి. ఇటువంటి ఏర్పాట్లు చాలావరకు రిసీవరుకు అందిన సంకేత బలాన్ని చూసి దూరాన్ని అంచనా వేస్తాయి. అడ్డు లేనిచోట దూరం రెట్టింపయితే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇనుము నిండినచోట ఆ లెక్క నిలవదు. డ్రమ్ముల మీద తగిలి తిరిగి వచ్చిన తరంగం నేరుగా వచ్చినదానితో కలిసి ఒకచోట బలపడుతుంది, మరోచోట చచ్చిపోతుంది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లే కాబట్టి, ట్యాగును బెత్తెడు జరిపినా కొలత మారిపోవచ్చు. దానికి తోడు గుజ్జులో ఎక్కువ భాగం నీరు, అది ఈ తరంగాలను పీల్చుకుంటుంది.

కనుక రిసీవర్లను డ్రమ్ముల వరుసల నడినెత్తిన కాక, సందుల మీదికి వచ్చేలా, నేరుగా ట్యాగులు కనబడేచోట వేలాడదీయండి. అన్నింటినీ ఒకే గీత మీద పెడితే కుడి ఎడమలు ఒక్కటిగానే తోస్తాయి. పక్కపక్క సందులలో కాస్త ముందు వెనుకలుగా పెట్టండి. ట్యాగును కూడా డ్రమ్ముకు అంటించక, ప్యాలెట్ చెక్కకు సందు వైపున బిగించండి.

జవాబు (చిత్తూరు, గోదాముల సాంకేతిక పనులు):

పై జవాబులో ఒక్క సవరణ చెబుతాను, ఏమీ అనుకోకండి. ఇనుప డ్రమ్ము విషయంలో తరంగం గుజ్జు దాకా పోనే పోదు, ఇనుమే దానిని తిప్పి కొడుతుంది. నీరు పీల్చుకునే మాట ప్లాస్టిక్ పీపాలకు వర్తిస్తుంది. రిసీవర్ల చోటు గురించి ఆయన చెప్పినదంతా సరైనదే.

అయితే నా ప్రశ్న వేరు. ప్యాలెట్ తనంతట తాను కదలదు కదా? దానిని కదిలించే ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కడ దింపిందో తెలిస్తే ప్యాలెట్ చోటు తెలిసినట్లే. ఫోర్క్‌లిఫ్ట్‌కు ఒక యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి) ట్యాగు పెడితే, నాలుగు మూలలతో పాటు సందుల మొదళ్లలో కొన్ని యాంకర్లు (ఆ ట్యాగుతో సంకేతాలు నడిపే స్థిర పరికరాలు) చాలు. అది తరంగం ప్రయాణించిన సమయాన్ని కొలుస్తుంది కాబట్టి, అడ్డు లేనప్పుడు తేడా 10 నుంచి 30 సెంటీమీటర్లలో ఉంటుంది. ఏ ప్యాలెట్‌ను ఎత్తిందో గుర్తించడానికి ఫోర్కుల దగ్గర ఆర్‌ఎఫ్‌ఐడి (రేడియో తరంగాలతో గుర్తింపు చీటీలను చదివే) రీడరు పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు మాత్రం మన దేశపు 865-868 మెగాహెర్ట్జ్ పరిధిలో పనిచేసేదేనా అని అడగండి. అమెరికాకు తయారైన 902-928 పరికరం ధర తక్కువని తెచ్చుకోకండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక చిక్కుంది. సీజనులో లారీలు బారులు తీరినప్పుడు మావాళ్లు చేతి ట్రాలీలతో కూడా ప్యాలెట్లను జరుపుతారు, అవి లెక్కలోకి రావు. ముందుగా రెండు సందులలో రిసీవర్లను సందు మీదికి మార్చి, సరుకు నిండుగా ఉన్న ఈ నెలలోనే ఒక్కో ప్యాలెట్ అసలు చోటు చాక్‌పీసుతో గుర్తుపెట్టి సరిచూస్తాము.

జవాబు (చిత్తూరు, గోదాముల సాంకేతిక పనులు):

అలాగైతే ట్రాలీలకూ యూడబ్ల్యూబీ ట్యాగులు కట్టండి, ఎత్తి దింపినప్పుడల్లా ప్యాలెట్ కోడును చేతి స్కానరుతో చదివించండి. పరీక్ష సగం డ్రమ్ములు పంపేశాక మరొకసారి చేయండి. ఖాళీ పడిన వరుసలలో ప్రతిఫలనాలు వేరుగా ఉంటాయి.