ఇంటి కడప (గుమ్మం) రోడ్డు కిందికి పోయింది: పాత సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్డు పగలగొట్టాలా, దాని మీదే వేయాలా?

వరంగల్ పాత గల్లీల రోడ్ల మీద ఐదుగురి మాటలివి, పక్కనున్నవి వాళ్ళు పెట్టుకున్న పేర్లు.

గల్లీ తొవ్వ:
వరంగల్‌లో మట్టెవాడ, గిర్మాజీపేట, కొత్తవాడ పాత గల్లీల్లో కిందికి చూస్తూ నడవండి. భవంతి ఇళ్ళు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి, అరుగులే కనబడవు. ఎవరూ కూల్చలేదు, రోడ్డు కింద కప్పబడిపోయాయి. చెక్కుడు దర్వాజ, గూన పెంకు అన్నీ అట్లనే ఉంటాయి, కడప మాత్రం రోడ్డుకు అర అడుగు కింద. సాంపి చల్లి ముగ్గేసిన వాకిట్లో ఇప్పుడు బండ్లు ఆపుతున్నరు. పొరకు ఆరంగుళాల చొప్పున మూడు పొరలు పడితే అడుగున్నర లేస్తది, రెండు మెట్ల ఎత్తున్న కడప మునగక ఏమైతది? ఇగ మళ్ళీ సీసీ వేస్తే పాతది తీసే వేయాలె. తమిళనాడులో 2021లో పాత పొర గీకి అదే మట్టానికి కొత్తది వేయాలని ప్రభుత్వమే ఆదేశమిచ్చింది. మనకెందుకు కుదరదు?

లెవెల్ పైపు:
గీకుడు తారు రోడ్డు ముచ్చట అన్నా. పది అడుగుల గల్లీలో ఆ పెద్ద మిషను తిప్పుడు కష్టం, సీసీ అయితే బ్రేకర్ (కాంక్రీటు పగలగొట్టే మిషను) పెట్టాల్సిందే. లెక్క చూడండి: మూడు మీటర్ల వెడల్పు, వంద మీటర్ల పొడవు, అడుగున్నర మందం అంటే 135 ఘనపు మీటర్లు. పగిలినంక ఒకటిన్నర రెట్లు ఉబ్బుతది, 200 దాటుతది. ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు పట్టినా 65 ట్రిప్పుల పైమాటే. ఎస్టిమేట్‌లో పగలగొట్టుడు, ఎత్తిపోసుడు ఐటమ్ లేకపోతే కాంట్రాక్టర్ ఆ పని ముట్టడు.
అది డబ్బు సంగతి. దానికంటే పెద్దది పాత నల్లా పైపులు. సీసీ కింద అడుగు లోతులో తుప్పు పట్టి ఉంటాయి. బ్రేకర్ అదురుకు జాయింట్లు కదులుతాయి. పైపు మోరీలోంచి పోయే చోట కదిలితే, నల్లా బంద్ ఉన్నప్పుడు మోరీ నీళ్ళు లోపలికి గుంజుకుంటది. తాగే నీళ్ళు పాడైనంక అరుగు ఎవరికి కావాలి?

సున్నం గానుగ:
ఆ భయం నిజమే, కానీ పైన వేస్తే గోడలకు ఏమైతదో కూడా చెప్పాలి కదా. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడ, మీద డంగు సున్నం (గానుగలో నూరింది). దానికి పునాది రెండు మూడడుగులే, ప్లింత్ బీమ్ (పునాది మీద గోడలను కలిపి పట్టే కాంక్రీటు దూలం) ఉండదు. రోడ్డు లేచి గోడకు ఆనితే తేమ పక్కనుంచి ఎక్కుతది. ఇంటివాళ్ళు సున్నం చెక్కేసి సిమెంటు పూస్తరు. అప్పుడు తేమకు బయటికి తొవ్వ దొరకదు, ఇంకో రెండడుగులు పైకి పాకి అక్కడ పెచ్చులు లేపుతది. మళ్ళీ సిమెంటు, మళ్ళీ పెచ్చులు. సున్నమే పూస్తే తేమ ఆరుతది, కానీ రోడ్డు ఆనుకుని ఉన్నంత కాలం అది సగం వైద్యమే.
లోపల మొరం పోసి ఇల్లు లేపుకోండనే సలహా కూడా వింటున్నాం. పాత దర్వాజలు ముందే ఐదున్నర అడుగులు. అడుగు లేపితే వంగి దూరాలె, లేదా చెక్కుడు చౌకట్ కోయాలె. ఇక జాకీలతో లేపుడు బీమ్ ఉన్న ఇటుక ఇళ్ళకు నడుస్తది. మట్టి అడుసు గోడకు జాకీ పెడితే రాయి రాయి విడిపోతది.

కొత్తవాడ మగ్గం:
మా వాడ సంగతి వేరే చెప్పాలి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గుంట మగ్గం ఉన్న ఇళ్ళకు మాత్రం రోడ్డు మట్టమే అసలు శత్రువు. గుంటంటే నేలలో మోకాలి లోతు పైనే, ఇంట్లో అన్నిటికంటే కిందున్న చోటు. రోడ్డు అర అడుగు లేస్తే ఊట ముందు అక్కడే తేలుతది. తొక్కుడు కర్రలు నాని ఉబ్బుతాయి, నూలుకు బూజు పడుతది. గుంట పూడ్చి మొరం పోస్తే మగ్గమే లేదు. ఇంటిని లేపుకోమనేటోళ్ళు ఇది చూడాలె.

మోరీ లెక్క:
అందరూ రోడ్డు గురించే మాట్లాడుతున్నరు, నీళ్ళు ఎటు పోవాలో ఎవరూ అడగలేదు. ఒక్క గల్లీ తవ్వి, మెయిన్ రోడ్డు అట్లనే ఉంచితే గల్లీ చెరువైతది. మోరీకి 200కు 1 వాలు ఉంటే మంచిది, అంటే వంద మీటర్లకు అర మీటరు దిగాలి. దిగినంక కలిసే పెద్ద కాలువ అడుగు అంతకంటే పైన ఉంటే నీళ్ళు ఎదురు తన్నుతాయి. 2023 జూలైలో బొందివాగు పొంగి హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగినప్పుడు వీధి మోరీలు ఎంత శుభ్రంగా ఉంటే ఏం లాభం? పని నాలా (పెద్ద కాలువ) కాడ మొదలుపెట్టి పైకి రావాలె. పెద్ద కాలువ అడుగు పూడిక తీసి మట్టం రాసుకోండి, తర్వాత మెయిన్ రోడ్డు మోరీ, ఆఖరుకు గల్లీ. మన దగ్గర తిరగబడి నడుస్తది, ఎవరి గల్లీకి ముందు బిల్లు సాంక్షన్ అయితే అక్కడ పోస్తరు.

గల్లీ తొవ్వ:
మోరీ లెక్క గారి మాటకు ఒప్పుకుంటున్న. అయినా పైన పోసుడు ఒప్పుకోను. పైపు అన్న చెప్పిన అడుగున్నరే తీసుకుందాం. 18 అంగుళాలు తీసి, నాలుగు అంగుళాల బెడ్ (సీసీ కింద పరిచే పొర), ఆరంగుళాల సీసీ వేస్తే పది. అసలు నేలను ముట్టకుండానే ఎనిమిది అంగుళాలు దిగుతది. అర అడుగు మునిగిన కడప రోడ్డుకు రెండంగుళాలు పైకొస్తది. లోతు లేని పునాది తవ్వుడుకు కదులుతదేమోనన్న భయానికీ జవాబు ఇదే, మనం తీసేది తర్వాత పోసిన కాంక్రీటే. గోడ పక్క అడుగున్నర పట్టీ మాత్రం బ్రేకర్ వద్దు, గడ్డపారతో తీయాలె. నల్లా కనెక్షన్లు కొత్త ప్లాస్టిక్ పైపుతో మార్చి, ప్రెషర్ పెట్టి చూసినంకనే కాంక్రీటు. ఇంటింటికీ రోడ్డు అడ్డంగా ఖాళీ పైపు ఒకటి వేసి పెడితే రేపు మళ్ళీ కోసే పని ఉండదు.

లెవెల్ పైపు:
రెండంగుళాలు జోరు వానకు చాలవు. కడప ముందర షాబాద్ బండతో చిన్న కట్ట కట్టుకోవాల్సే వస్తది. ఇంకో మాట, పైన పోసినా సక్కగ పోస్తలేరు. పాత సీసీ పగులు మీద పలుచగా మూడంగుళాలు పోస్తే అదే చోట మళ్ళీ పగులుతది. గడ్డపార మొనతో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే కిందిది అంటలేదని లెక్క. పోసిన మర్నాటికల్లా నాలుగు మీటర్లకొకటి, రెండంగుళాల లోతు జాయింట్ (పగులు ఎటుపడితే అటు పోకుండా గాడి) కోయాలె, పాత జాయింట్ మీదనే. రెండు వారాలు గోనె సంచులు తడిపి ఉంచాలె. కడప ఇంకా రోడ్డుకు పైన ఉన్న గల్లీలకు ఇట్ల పైపొర చాలు. మునిగిన వాటికి తవ్వుడు సరే, కానీ నాలా అడుగు మట్టం కాయితం మీద చూపినంకనే.

మోరీ లెక్క:
ఆ కాయితం పేరు లాంగ్ సెక్షన్, పొడుగునా ఎక్కడ ఎంత మట్టమో చూపే పటం. వార్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గర ఎస్టిమేట్‌తో పాటే ఉండాలి, అడగండి. లేకపోతే పారదర్శక పైపులో బుడగ లేకుండా నీళ్ళు నింపి, ప్రతి కడప కాడ మట్టం చూసి గోడ మీద ఎర్ర గీత గీయండి. కాంట్రాక్టర్ వచ్చేలోపు గీతలు ఉండాలె, వచ్చినంక గీస్తే ఎవరూ లెక్కపెట్టరు.