పందెం ఆటలో హ్యాండిక్యాప్ అడగడం మర్యాదేనా?

పచ్చబల్ల:
ఒక్కడినే నైన్ బాల్ (తొమ్మిదో బంతిని పాకెట్లో వేసినవారిదే గేము అయ్యే పూల్ ఆట) సాధన చేసుకుంటుంటే ముఖపరిచయం కూడా లేని ఒకాయన వచ్చి, పందెం వేసి ఒక సెట్ ఆడదామా అన్నాడు. ముందుగా 9 గేములు గెలిచినవారిదే సెట్ అన్నాను, ఒప్పుకున్నాడు. పందెం సొమ్ము కూడా కుదిరింది. అంతా అయ్యాక "నాకు ఎనిమిది ఇవ్వాలి" అన్నాడు. అది బలహీనుడికి ముందే ఇచ్చే వెసులుబాటు, అంటే హ్యాండిక్యాప్. నేను గేము గెలవాలంటే తొమ్మిదో బంతినే వేయాలి. ఆయన ఎనిమిది వేసినా, తొమ్మిది వేసినా గేము ఆయనదే. నేను ఆడిన రెండు ర్యాకులు (బంతులు పేర్చి ఆడే ఒక్కో గేము ఒక ర్యాక్) ఆయన చూశాడు. ఆయన ఆడిన ఒక్క షాట్ కూడా నేను చూడలేదు. ఇవ్వను అన్నాను.

నా పద్ధతి ఒకటే. తెలియనివారితో మొదటి సెట్ తక్కువ పందెంతో సమానంగా ఆడాలి. అందులో ఓడినవారు ఆ తర్వాత హ్యాండిక్యాప్ అడిగితే ఆలోచిస్తాను. క్యూ కర్ర బిగించకముందే చేయి చాచడం నాకు నచ్చదు. మీరేమంటారు?

చాక్‌ముక్క:
అడగనిదే అమ్మైనా పెట్టదు. ఆయన అడిగాడు, మీరు కాదన్నారు. అంతటితో అయిపోయింది కదా.

పచ్చబల్ల:
అయిపోలేదండీ. పక్క బల్ల దగ్గరకు వెళ్ళి నాకు వినపడేలా "గెలుస్తానని తెలిస్తేనే ఆడతాడు ఈయన" అన్నాడు. అడిగే హక్కు ఆయనకు ఉన్నప్పుడు కాదనే హక్కు నాకు లేదా?

మూలపాకెట్:
కాదనే హక్కు మీకు ఉంది. ఆయన ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ మీ "మొదటి సెట్ సమానంగా" అనే పద్ధతిలోనే అసలు అన్యాయం ఉంది. అది మీకు కనిపించడం లేదు.

లెక్క చూద్దాం. ఆటగాళ్ళ బలాన్ని అంకెలో చెప్పే ఫార్గోరేట్ రేటింగులో ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే, బలమైన ఆటగాడు రెండు గేములు గెలిచేలోగా బలహీనుడు ఒకటి గెలుస్తాడు. 200 తేడా ఉంటే నాలుగుకు ఒకటి. ఇప్పుడు 100 పాయింట్లు తక్కువ ఉన్నవాడు 9 గేముల సెట్‌ను సమానంగా ఆడితే పది సెట్లలో ఒక్కటి కూడా గెలవడు. అదే సెట్‌లో అతనికి 4 గేములు ముందుగా ఇస్తే దాదాపు సమానమవుతుంది, అప్పుడు కూడా మొగ్గు కొంచెం బలమైనవాడి వైపే. గేము గేముకూ కొంచెంగా కనిపించే తేడా సెట్ పొడవు పెరిగేకొద్దీ అలా పేరుకుపోతుంది.

కాబట్టి మొదటి సెట్ సమానంగా ఆడదాం అంటే, మొదటి సెట్ సొమ్ము నాకు ఇచ్చేసి తర్వాత మాట్లాడు అన్నట్టే. పందెం తక్కువైనా సొమ్ము సొమ్మే. ఓడినవాడు దాన్ని తిరిగి రాబట్టుకోవాలనే పట్టుదలతో రెండో సెట్‌కు పందెం పెంచుతాడు. అది మీకూ తెలుసు.

తొమ్మిదోబంతి:
ముందు ఒక విషయం తేల్చండి. ఆయన అడిగినది ఏ ఎనిమిది? ఏ పాకెట్లో వేస్తాడో చెప్పి వేయాల్సిన ఎనిమిదా, ఎలా పడినా చెల్లే ఎనిమిదా? ఎలా పడినా చెల్లుతుందంటే, పేర్చిన బంతులను చెదరగొట్టే మొదటి షాట్ అయిన బ్రేక్‌లో పడినా, మరో బంతి తగిలి పడినా, గురి తప్పి వేరే పాకెట్లో పడినా గేము ఆయనదే. ఈ తేడా తెలియకుండా ఇవ్వాలా వద్దా అని వాదించడంలో అర్థం లేదు.

త్రిభుజం:
ఏమీ చెప్పకుండా "ఎనిమిది" అన్నాడంటే ఎలా పడినా చెల్లుతుందనే.

తొమ్మిదోబంతి:
అదే పొరపాటు. ఏమీ చెప్పకపోతే అది ఒప్పందమే కాదు. నా అనుభవం చెబుతాను వినండి. నాకంటే బాగా ఆడే ఒకాయన ఎనిమిది ఇస్తానన్నాడు, సంతోషంగా ఒప్పుకున్నాను. స్కోరు 8–8కి వచ్చింది. చివరి గేములో బ్రేక్ నాది. ఎనిమిది నేరుగా మూల పాకెట్లో పడింది. గెలిచాననుకుని చేయి చాపితే, "బ్రేక్‌లో పడినది లెక్క కాదు, తీసి మళ్ళీ బల్ల మీద పెట్టు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది అటు, సగం మంది ఇటు మాట్లాడారు. చివరికి పెట్టాల్సి వచ్చింది, ఓడిపోయాను. అందుకే అంటున్నాను, మర్యాద సంగతి తర్వాత, ముందు మాట స్పష్టంగా ఉండాలి.

పచ్చబల్ల:
నా ప్రశ్న అది కాదు. ఏ ఎనిమిదైనా సరే, ఆట చూడకుండా అడగవచ్చా అని అడిగాను. ఎదుటివాడి బరువు తెలియకుండానే తక్కెడ సరిచేయమంటే ఎలా?

మరో మాట. 1996లో హాంకాంగ్‌లో పేరున్న పూల్ ఆటగాళ్ళు ఎఫ్రెన్ రేయెస్, ఎర్ల్ స్ట్రిక్‌ల్యాండ్ ముందుగా 120 గేములు గెలిచినవారికే లక్ష డాలర్లు, ఓడినవారికి ఏమీ లేదు అనే పద్ధతిలో ఆడారు. రేయెస్ 120–117తో గెలిచాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. బల్ల ఎదుట సమానంగా నిలబడి తేల్చుకున్నారు. నాకు ఆట అంటే అది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఓడిపోతామేమోనని ముందే సాకు సిద్ధం చేసుకోవడం కాదు.

మూలపాకెట్:
120–117 అని మీరే చెప్పారు. 237 గేములు ఆడి మూడు గేముల తేడాతో ముగించినవాళ్ళు ఒకరినొకరు హ్యాండిక్యాప్ ఎందుకు అడుగుతారు? ఆ ఉదాహరణ సమానుల గురించి. మనం మాట్లాడుతున్నది అసమానుల గురించి.

రేయెస్ పేరు ఎత్తారు కాబట్టి ఇదీ గుర్తు చేసుకోండి. 1985లో ఆయన హ్యూస్టన్‌లో ఒక నైన్ బాల్ టోర్నమెంట్‌కు వెళ్ళినప్పుడు సీజర్ మొరాలెస్ అనే పేరుతో ఆడి గెలిచాడు. అసలు పేరు చెబితే అక్కడివాళ్ళు జాగ్రత్త పడతారు. ఆట ఎంత బాగా వచ్చునో ఎదుటివాడికి తెలియకపోవడమే పందెంలో అన్నిటికంటే పెద్ద లాభం. హ్యాండిక్యాప్ అడిగేవాడు ఆ లాభాన్ని కొంత వెనక్కి తీసుకోవాలని చూస్తాడు. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

నిదానం:
నేను వన్ పాకెట్ ఆడతాను. ఒక్కొక్కరికి ఒక్కో మూల పాకెట్, పదిహేను బంతుల్లో ముందుగా ఎనిమిది తన పాకెట్లో వేసినవారిదే గేము. ఇక్కడ హ్యాండిక్యాప్ లేని పందెం అరుదు. "మీరు తొమ్మిది, నేను ఏడు" అంటారు. రెండు మూడు గేములయ్యాక ఒకరికి భారంగా అనిపిస్తే "పదికి ఏడు" అని అడుగుతారు, లేదా "ఇక సమానంగా ఎనిమిదికి ఆడదాం" అని రెండోవారు అంటారు. ఒక్క బంతి అటూ ఇటూ జరుపుతారు, ఎవరికీ కోపం రాదు. బేరం కూడా ఆటలో భాగమే.

నా దృష్టిలో తప్పకుండా పాటించాల్సినవి మూడే. సెట్ మధ్యలో అడగకూడదు. చుట్టూ చేరినవాళ్ళను బేరంలోకి లాగకూడదు. రెండు సార్లు కాదన్నాక మూడోసారి అడగకూడదు. పచ్చబల్ల గారిని ఎనిమిది అడిగినాయన మూడోది తప్పలేదు, రెండోది తప్పాడు.

చాక్‌ముక్క:
నిదానం గారి మాటే సరైనది.

తొమ్మిదోబంతి:
వన్ పాకెట్‌లో బంతుల లెక్క కాబట్టి గొడవ లేదు. ఏడు అంటే ఏడే. నైన్ బాల్‌లో ఎనిమిది అంటే ఏదైనా కావచ్చు. అందుకే నైన్ బాల్‌లో బంతులు ఇవ్వకూడదు, గేములే ఇవ్వాలి. బల్ల పైన తీగకు గుచ్చిన పూసలు జరిపి స్కోరు లెక్కపెట్టిన కాలం నుంచీ ఉన్న పద్ధతి అది. మొదలుపెట్టకముందే రెండు పూసలు జరిపితే ఇక వాదనకు చోటు ఉండదు.

త్రిభుజం:
బ్రేకులు ఇవ్వడం మేలు కదా? ప్రతి ర్యాక్ బలహీనుడే బ్రేక్ చేస్తే, వరుసగా నాలుగు ర్యాకులు ఊడ్చేసేవాడికి ఆ అవకాశం పోతుంది.

తొమ్మిదోబంతి:
బ్రేక్ చేయడం చేతకానివాడికి బ్రేక్ ఇస్తే ఏం లాభం? బంతులన్నీ విడిపోయి ఎదుటివాడికే పని సులువవుతుంది. ఆ మాటకొస్తే ఎనిమిది ఇవ్వడమూ అంతే. ఎదుటివాడు ఒకటి నుంచి తొమ్మిది దాకా ఆపకుండా వేసుకుపోతుంటే, కుర్చీలో కూర్చున్నవాడికి ఎనిమిది ఉన్నా ఐదు ఉన్నా ఒకటే.

పచ్చబల్ల:
మళ్ళీ అదే! అసలు సంగతి వదిలేసి బంతులు, బ్రేకులు, పూసలు అంటూ తిరుగుతున్నారు.

తొమ్మిదోబంతి:
అసలు సంగతి నేను చెబుతాను. మొదటి సెట్ సమానంగా ఆడాలనేది మీ నియమం. ఎవరికి లాభం? మీకే. మీరు రోజూ ఆ బల్ల మీద సాధన చేస్తారు. గుడ్డ ఎంత వేగంగా ఉందో, ఏ కుషన్ ఎలా తిప్పుతుందో, ఏ పాకెట్ బంతిని ఉమ్మేస్తుందో మీకు తెలుసు. కొత్తవాడు వస్తే మొదటి సెట్ మీదే. దానికి మర్యాద అనే పేరు పెట్టారు. సూటిగా అంటున్నాను, ఇది దోపిడీ.

పచ్చబల్ల:
దోపిడీ అనే మాట వెనక్కి తీసుకోండి.

దోపిడీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. హాలులో గోడకు ఆనించిన వంకర కర్ర తీసుకుని ఒకాయన నా దగ్గరకు వచ్చాడు. కర్రకు ఆనుగా చేతితో బ్రిడ్జి పెట్టడం కూడా సరిగ్గా రానట్టు నటించాడు. సులువైన బంతులు తప్పాడు. "నాకు మూడు గేములు ఇవ్వండి, కాస్త సరదాగా ఉంటుంది" అన్నాడు. జాలిపడి ఇచ్చాను. సెట్ దగ్గరగా నడిచింది, ఓడిపోయాను. పందెం రెట్టింపు చేద్దాం అన్నాడు, చేశాను. అప్పుడు తెలిసింది ఆయన చేయి ఎలాంటిదో. కర్రతో కొట్టే తెల్లటి క్యూ బంతిని ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆపాడు. ఆ తర్వాత ఒక టోర్నమెంట్ ఫైనల్లో ఆయన్నే చూశాను, సొంత కర్రతో, చక్కటి చొక్కాతో. అప్పటి నుంచీ ఎవరైనా ఆడకముందే హ్యాండిక్యాప్ అడిగితే నాకు ఆ ముఖమే కనిపిస్తుంది. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. నా జాలితో ఆడుకున్నాడు.

మూలపాకెట్:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు. మీకు అడగడం మీద కోపం లేదు, అబద్ధం మీద కోపం.

నాకు జరిగినది దీనికి తలకిందులు. హ్యాండిక్యాప్ కావాలని మర్యాదగా అడిగాను. "మనిద్దరి ఆటా ఒకటేనయ్యా, ఎందుకు?" అని నవ్వి భుజం తట్టాడు. సమానంగా ఆడాను. 9–1. ఆయన ఎన్ని టైటిళ్ళు గెలిచాడో తర్వాత తెలిసింది. మీకు అడిగినవాడు అబద్ధం చెప్పాడు, నాకు ఇవ్వాల్సినవాడు చెప్పాడు. అప్పటి నుంచీ మీరు అడిగేవాళ్ళను అనుమానిస్తున్నారు, నేను కాదనేవాళ్ళను అనుమానిస్తున్నాను.

తొమ్మిదోబంతి:
ఇద్దరూ ఏడుస్తున్నారు కానీ, ఇందులో తప్పేముంది? పందెంలో ఎదుటివాడి ఆటను చదవడమే సగం నైపుణ్యం. కర్ర పట్టే తీరు, నిలబడే తీరు, తప్పిన బంతి ఎటు తప్పింది, క్యూ బంతి ఎక్కడ ఆగింది, ఇవన్నీ చూసి అంచనా వేసుకోవాలి. బంతి తప్పినా క్యూ బంతి ప్రతిసారీ సరైన చోట ఆగుతోందంటే ఆ తప్పడం నటన. అది పట్టుకోలేనివాడు పందెం వేయకూడదు. నా ఆట ఎంతో నేనే చెప్పాలంటే ఇక పందెం ఎందుకు, రేటింగు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే సరిపోదా?

నిదానం:
చెప్పకపోవడం వేరు, కావాలని బంతి తప్పడం వేరు. మొదటిది గుట్టు. రెండోది మోసం.

తొమ్మిదోబంతి:
మరి రేయెస్ వేరే పేరుతో ఆడినది? గుట్టా, మోసమా?

నిదానం:
అక్కడ ఆయన తన పూర్తి ఆట ఆడాడు. చూసే కళ్ళున్నవాళ్ళకు మొదటి ర్యాక్‌లోనే తెలిసి ఉంటుంది. బల్ల మీద అబద్ధం ఆడలేదు.

మూలపాకెట్:
నిదానం గారూ, మీతో ఇక్కడ విభేదిస్తాను. అడగనప్పుడు చెప్పకపోవడం గుట్టు అంటే ఒప్పుకుంటాను. సూటిగా అడిగినప్పుడు మాట దాటవేయడం కూడా మోసమే. హ్యాండిక్యాప్ కుదుర్చుకునేటప్పుడు ఇద్దరూ అడిగిన దానికి నిజం చెప్పాలి. స్నూకర్ హ్యాండిక్యాప్ టోర్నమెంట్లలో ఫ్రేమ్ మొదలయ్యే ముందే ఎవరికి ఎన్ని పాయింట్లో స్కోరుబోర్డు మీద పెట్టేస్తారు, అందరి ఎదుట. పందెంలో ఆ బోర్డు ఉండదు కాబట్టి మనిషి మాటే బోర్డు.

పచ్చబల్ల:
ఇది నాకు సమ్మతమే. అడిగితే నిజం చెప్పాలి. అలా అయితే ఆడకముందు హ్యాండిక్యాప్ అడిగినా నాకు అభ్యంతరం లేదు. చెప్పనివాడితో మాత్రం మొదటి సెట్ సమానమే, తక్కువ పందెమే. ఆ నియమం వదలను.

మూలపాకెట్:
అయితే ఇప్పుడే అడుగుతున్నాను. మీ ఫార్గోరేట్ ఎంత? నాది 520.

పచ్చబల్ల:
610.

మూలపాకెట్:
తొంభై తేడా. 9 గేముల సెట్‌కు నాకు 4 ఇవ్వాలి.

పచ్చబల్ల:
3 ఇస్తాను. బ్రేక్ ఒకరి తర్వాత ఒకరు.

మూలపాకెట్:
లెక్క ప్రకారం 4. మూడిస్తే మూడు సెట్లలో రెండు మీవే.

త్రిభుజం:
మూడు గేములు ఇచ్చి బ్రేకులన్నీ కూడా ఇస్తే?

తొమ్మిదోబంతి:
చూశారా, అంకె చెప్పేశాక కూడా బేరం ఆగలేదు. నేనైతే నా అంకె ఎవరికీ చెప్పను. కావాలంటే పది నిమిషాలు నిలబడి నా ఆట చూడండి, మీ కళ్ళు ఏం చెబితే అదే అడగండి.

పచ్చబల్ల:
అందుకే మీతో ఆడను. మూలపాకెట్ గారూ, 4కి ఒప్పుకుంటున్నాను. కానీ మొదటి సెట్‌లో పందెం పెంచడం ఉండదు, మీరు ఓడినా నేను ఓడినా.