లాంబ్ రోస్ట్ పక్కన మింట్ సాసే ఉండాలా? పుదీనా పచ్చడి పెడితే తప్పా?

తెనాలిపిల్ల:
ఈ ఆదివారం మావారి ఆఫీసులో పనిచేసే ఇంగ్లిష్ దంపతులు భోజనానికి వస్తున్నారు. లాంబ్ లెగ్ రోస్ట్ చేస్తున్నా. సీసాలో దొరికే మింట్ సాస్ ఒకసారి తిన్నా, గొంతు పట్టేసింది, వెనిగర్ తప్ప ఇంకేం తెలియలేదు. దాని బదులు పుదీనా పచ్చడి పెడదామనుకుంటున్నా. ఏమంటారు?

లీడ్స్‌వాసి:
వద్దమ్మా. ఇక్కడ ఇంగ్లండ్‌లో 22 ఏళ్లుగా ఉంటున్నా. లాంబ్‌కి మింట్, పోర్క్‌కి యాపిల్, బీఫ్‌కి హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు, కోడికి బ్రెడ్ సాస్, ఇవి ఊరికే వచ్చిన జతలు కావు. లాంబ్ కొవ్వు నాలుకకు అంటుకుపోతుంది, ఆ జిడ్డును విరగ్గొట్టేది వెనిగర్ పులుపే. సీసాది కొనకండి. పుదీనా ఆకుల మీద చిటికెడు పంచదార చల్లి సన్నగా తరిగి, రెండు చెంచాల మరిగే నీళ్లు పోసి, చల్లారాక బార్లీతో చేసే మాల్ట్ వెనిగర్ కలపండి. పచ్చడిలో పచ్చిమిర్చి, వెల్లుల్లి, పోపు ఉంటాయి, వాటి ముందు మాంసం రుచి, గ్రేవీ రుచి ఏం తెలుస్తాయి?

కోనసీమ:
మాల్ట్ వెనిగర్ వద్దు, దాని గోధుమరంగుకి ఆకు మురికిగా కనిపిస్తుంది. వైట్ వైన్ వెనిగర్ పోయండి.

లీడ్స్‌వాసి:
మాల్ట్ వెనిగరే అసలైనది. రంగు కోసం రుచి మార్చుకుంటామా?

తెనాలిపిల్ల:
పులుపే కావాలంటే పచ్చడిలో చింతపండు ఉంది కదా!

చిన్నక్క:
మా ఇంట్లో చికెన్ ఒక్కటే, దానికి బ్రెడ్ సాస్ చేస్తా. ఉల్లిపాయకు లవంగాలు గుచ్చి, బిర్యానీ ఆకుతో పాలలో వేసి కాచి, అవి తీసేసి బ్రెడ్ పొడి, వెన్న కలుపుతా. పిల్లలు గిన్నె నాకేస్తారు.

కోనసీమ:
హార్స్‌రాడిష్ కూడా ఆవాల కుటుంబమేనండీ. తురుముతుంటే ఘాటు ముక్కుకెక్కి కళ్లమ్మట నీళ్లొస్తాయి, పొయ్యి మీద పెడితే ఆ ఘాటు పోతుంది. పనసపొట్టు కూర దించాక ఆవ కలుపుతామే, అలాగే. కానీ మాల్ట్ మాత్రం వద్దు.

తెనాలిపిల్ల:
వెనిగర్ సంగతి వదిలేయండి. లీడ్స్ గారూ, మన వంట ఏది చెప్పినా మీరు ఇక్కడ నప్పదు అంటూనే ఉంటారు. పోయిన క్రిస్మస్‌కి ఒకరింటికి పిలిస్తే గోంగూర పచ్చడి చేసి పట్టుకెళ్లా. మూత కూడా తీయలేదు. వచ్చేటప్పుడు అదే డబ్బా అలాగే నా చేతికిచ్చారు. కారులో ఇంటిదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. ఇప్పుడు నా ఇంట్లో, నా బల్ల మీద కూడా నా పచ్చడి దాచుకోవాలా?

లీడ్స్‌వాసి:
అలా చేయడం వాళ్ల తప్పు. నా సంగతీ వినండి. మా కోడలు ఇంగ్లిష్ అమ్మాయి. పెళ్లైన కొత్తలో మా ఇంట్లో లాంబ్ చేసి, పెరట్లో పుదీనా కోసి సాస్ కలిపింది. మా చుట్టాలు ‘ఈ పుల్లనీళ్లేంటి’ అని నవ్వి, ఆవకాయ జాడీ తెచ్చి ఆ పిల్ల ముందే కలుపుకున్నారు. నేనూ నోరు మెదపలేదు. ఆ తర్వాత మా వంటింట్లో ఆ అమ్మాయి గరిటె పట్టలేదు. ఎవరైనా ఆ సాస్‌ను తీసిపారేస్తే నాకు కోపం అందుకే వస్తుంది.

చిన్నక్క:
అయ్యో, బాబాయ్ గారూ.

తెనాలిపిల్ల:
నాకు ఈ సంగతి తెలియదండీ. మింట్ సాస్ కూడా చేస్తా. పచ్చడి గిన్నె మాత్రం బల్ల మధ్యలోనే పెడతా, దాన్ని పక్కకు జరపను.

లీడ్స్‌వాసి:
పెట్టండమ్మా. సాస్ మాత్రం అరగంట ముందే కలిపి ఉంచండి, ఆకు బాగా ఊరాలి.