ఆట మధ్యలో సిస్టమ్ ఆరిపోతోంది, శుభ్రం చేశాక ఎఫ్‌పీఎస్ కూడా పడిపోయింది

అప్పుఘర్ ట్రక్కు:

అందరికీ నమస్కారం. నాకు 61 ఏళ్లు. స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో 33 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ ఇంట్లో వదిలేసిన గేమింగ్ సిస్టమ్ ఇప్పుడు నాది. ఆడేది ఒక్కటే ఆట, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. ఆ కాల్పులు, దూకుళ్లు నా వల్ల కాదు. సాయంత్రం వాకింగ్ అయ్యాక హాంబుర్గ్‌లో లోడు ఎత్తుకుని ప్రాగ్ బయల్దేరతాను, మా ఆవిడ సీరియల్ అయ్యేలోపు చేరాలి. అదీ లెక్క.

మూడు వారాలుగా చేరడం లేదు.

సిస్టమ్ 2022లో కొన్నది. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు (3200 స్పీడు), 550 వాట్ల పవర్ సప్లై. ఆట మొదలెట్టిన పావుగంటకో అరగంటకో తెర నల్లబడి మొత్తం ఆరిపోతుంది. నీలం తెర రాదు, ఎర్రర్ రాదు. అచ్చం కరెంటు పోయినట్టే, కానీ పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఆరే ముందు టేబుల్ కింద ఎక్కడో టక్కుమని చప్పుడు. విచిత్రం ఏంటంటే పగలు ఎంతసేపు ఆడినా ఏమీ కాదు, రాత్రి ఏడు దాటితేనే ఈ గోల. యూట్యూబ్ చూస్తే రాత్రయినా ఆరదు. దెయ్యం పట్టిందని మా ఆవిడ తేల్చేసింది.

నేను మాత్రం ఉప్పుగాలి అనుకున్నాను. మాది మూడో అంతస్తు, బాల్కనీ తలుపు తీస్తే సముద్రమే. గ్రిల్స్‌కి ఎన్ని రంగులు వేయించినా తుప్పు ఆగదు, ఫ్రిజ్ అడుగు రేకు పొడి పొడి అయిపోయింది. ఇదీ దాని పనే అని ఒక ఆదివారం మొత్తం విప్పాను. బ్లోయర్ కొట్టాను, ర్యామ్‌లు ఊడదీసి కాంటాక్టులు పెన్సిల్ రబ్బరుతో రుద్దాను, బోర్డు మీదున్న గుండ్రటి సెల్ కూడా తీసి తుడిచి పెట్టాను. ఆరిపోవడం ఆగలేదు సరికదా, ఇప్పుడు పగలు కూడా ఆట సాఫీగా నడవడం లేదు. 90 దగ్గర ఉండే ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద పడే బొమ్మల లెక్క) 55కి వచ్చింది, ఊళ్లలోకి దిగితే 35. గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టుంది.

ద్వారకానగర్‌లో ఒక షాపుకి మోసుకెళ్లాను. గంటసేపు ఉంచుకుని గ్రాఫిక్స్ కార్డు పోయింది, ముప్పై వేలవుతుంది అన్నారు. ఆ గంటలో వాళ్ల దగ్గర ఒక్కసారి కూడా ఆరలేదు మరి. అందుకే మనసొప్పక వెనక్కి తెచ్చేశాను. ఏం చెయ్యమంటారు?

ఫుల్ సెట్టింగ్స్:

అంకుల్, డ్రైవర్ అయ్యుంటుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ అనే డ్రైవర్లు తుడిచే ప్రోగ్రాంతో పాతది తుడిచేసి కొత్తది వేయండి. ఆగకపోతే విండోస్ కూడా మళ్లీ కొట్టేయండి. అప్పటికీ ఆగకపోతే కార్డే. సెకండ్ హ్యాండ్‌లో కావాలంటే చెప్పండి, నా దగ్గర ఒకటుంది 😀

భీమిలి గాలి:

ఉప్పు సంగతి తేలిగ్గా తీసుకోకండి బాబాయ్ గారూ. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువు దానంతటదే నీరు పీల్చుకుంటుంది, అప్పుడు ఆ ధూళికి కరెంటు పారుతుంది. మన దగ్గర ఆ తేమ మామూలే. అయితే అది రాత్రి ఏడింటికి డ్యూటీ ఎక్కి పగలు సెలవు పెట్టదు కదా. కాబట్టి మీ కేసు వేరేదేమో. ఒక్క మాట, రబ్బరుతో రుద్దకండి, పొడి స్లాటులో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. సిస్టమ్‌ని బాల్కనీ తలుపుకి ఎదురుగా పెట్టుంటే అక్కడినుంచి తీసేయండి.

గాజువాక సర్వీసు:

అంకుల్, మీవి రెండు వేరు వేరు జబ్బులు. ఒకటి పాతది, రెండోది మీరు ఆదివారం చేతులారా తెచ్చుకున్నది. ఏమనుకోకండి, నా దగ్గరికి వచ్చేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి.

ముందు రెండోది. ర్యామ్‌లు తిరిగి ఏ స్లాటుల్లో పెట్టారు? నాలుగు స్లాటుల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదానిలో ఒకటి, నాలుగోదానిలో ఒకటి ఉండాలి. పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఛానెల్ మీద, అంటే ప్రాసెసర్‌కి డేటా వెళ్లే ఒకే దారి మీద, పడతాయి. ఇక సెల్ తీశారు కదా, దాంతో బయోస్ (బోర్డు సెట్టింగులు) మొదటికి వచ్చి, ర్యామ్‌ని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు పోయుంటుంది. కొన్ని బోర్డుల్లో దాన్నే డీఓసీపీ అంటారు. అది లేకపోతే 3200 ర్యామ్ 2133లోనో 2400లోనో నడుస్తుంది. రెండు ఛానెళ్లతో 3200 అంటే సెకనుకు 51 జీబీ దాకా వెళ్తుంది, ఒకే ఛానెల్‌తో 2133 అంటే 17. మూడో వంతు! రైజెన్‌లో లోపలి భాగాలను కలిపే ఫ్యాబ్రిక్ కూడా ర్యామ్ స్పీడునే పట్టుకుని నడుస్తుంది, దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. పైగా మీ ట్రక్కు ఆట కార్డు కంటే ప్రాసెసర్ మీదే ఎక్కువ ఆధారపడేది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర స్పీడు ఎంత చూపిస్తోందో చెప్పండి.

ఇక ఆరిపోవడం. ఆట ఒక్కటే మూసుకుపోతే ఒక రోగం, నీలం తెర వస్తే ఇంకో రోగం. మొత్తం టప్పున ఆరిపోయిందంటే నేను కరెంటు వచ్చే దారే చూస్తాను. విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తే కంగారు పడకండి. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగింది అని చెప్పడమే దాని పని, ఎందుకు ఆగిందో దానికీ తెలియదు.

అసలు ప్రశ్న: టేబుల్ కింద టక్కుమంటోంది అన్నారు. అక్కడ ఏముంది?

అప్పుఘర్ ట్రక్కు:

అమ్మా, టేబుల్ కింద ఉన్నది యూపీఎస్. ఇది రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

600 వీఏ. వెనక లేబుల్ మీద 360 వాట్లని రాసుంది, అంటే నిజంగా మోయగలిగేది అంతే. దానికి సిస్టమ్, మానిటర్, వైఫై మోడెమ్, స్పీకర్లు అన్నీ తగిలించి ఉన్నాయి. కార్డు ఒక్కటే 170 వాట్లు, ప్రాసెసర్ ఇంకో 75, మిగతావి, పవర్ సప్లైలో పోయేది, అన్నీ కలిపితే 330 దగ్గరికి వస్తోంది. వీఏకీ వాట్లకీ తేడా ఏంటో 33 ఏళ్లు కుర్రాళ్లకి చెప్పినవాణ్ని నేను! బ్యాటరీ 2022 నాటిదే, ఒక్కసారి కూడా మార్చలేదు.

టాస్క్ మేనేజర్‌లో స్పీడు 2133. ర్యామ్‌లు మొదటి రెండు స్లాటుల్లో, అక్కాచెల్లెళ్లలా పక్కపక్కనే ఉన్నాయి.

వేడి కూడా చూశాను, అడగకపోయినా చెప్తున్నా. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే వేడి చూపించే ప్రోగ్రాంలో ఆట నడుస్తుండగా ప్రాసెసర్ 76, కార్డు 69 డిగ్రీలు.

గాజువాక సర్వీసు:

వేడి తప్పేమీ లేదు. షాపులో ఎందుకు ఆరలేదో ఇప్పుడు తెలిసింది కదా అంకుల్, అక్కడ మీ యూపీఎస్ లేదు. రాత్రి ఇంటి వోల్టేజి దిగి అది బ్యాటరీ మీదకి మారుతున్నట్టుంది, ఆ టక్కు చప్పుడు అదే. యూట్యూబ్‌కి వంద వాట్లు కూడా లాగదు, ఆ ముసలి బ్యాటరీ మోసేస్తుంది. ఆట లోడు మీద పడితే మోయలేదు.

ఈ రాత్రి సిస్టమ్‌ని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఆడి చూడండి. దానికి ముందు పవర్ సప్లై మీద లేబుల్ చూడండి. 100–240 వోల్టులని ఉంటే ఇంటి వోల్టేజి కాస్త దిగినా తట్టుకుంటుంది. 200–240 అని ఉంటే మాత్రం వద్దు.

ఫుల్ సెట్టింగ్స్:

అయితే కార్డు అమ్మకం లేనట్టే.

అప్పుఘర్ ట్రక్కు:

నాలుగు రోజులు చూసి రాస్తున్నాను.

లేబుల్ మీద 100–240 అనే ఉంది. నేరుగా గోడకి పెట్టి, పక్క సాకెట్లో మల్టీమీటర్ గుచ్చి కూర్చున్నాను. ఆరున్నరకి 226 వోల్టులు. ఏడుంపావుకి 204. ఏడు నలభైకి, కింది ఇంటివాళ్లు రెండో ఏసీ కూడా వేసినట్టున్నారు, 187. సరిగ్గా అప్పుడే యూపీఎస్ టక్కుమంది. ఈసారి దానికి మోడెమ్ ఒక్కటే ఉంది కాబట్టి హాయిగా బ్యాటరీ మీదకి వెళ్లింది. ఇన్నాళ్లూ ఆ క్షణంలో ఇది మొత్తం లోడు నెత్తిన వేసుకుని చతికిలబడేదన్నమాట. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 330 వాట్లంటే 28 ఆంపియర్లు, లోపల పోయేది కలిపితే 30 పైనే. మూడేళ్లు దాటిన చిన్న బ్యాటరీని అంత అడగడం పాపం. సిస్టమ్ మాత్రం నాలుగు రాత్రులూ ఒక్కసారి ఆరలేదు.

ర్యామ్‌లు రెండు, నాలుగు స్లాటుల్లోకి మార్చి, మా అబ్బాయికి వీడియో కాల్ చేసి బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. వాడు నవ్విన నవ్వు ఇక్కడ రాయను. ఎఫ్‌పీఎస్ 90కి వచ్చింది, ఊళ్లలో 70 తగ్గడం లేదు.

187 వోల్టులు మంచిది కాదు, లైన్‌మన్‌కి చెప్పాను, మీటరు దగ్గర జాయింటు చూస్తానన్నాడు. 1000 వీఏ, 600 వాట్ల యూపీఎస్ ఒకటి చూస్తున్నాను. పాతదానికి బ్యాటరీ మార్చి మోడెమ్‌కే ఉంచేస్తాను. ఆ పాత బ్యాటరీని ఏం చేయాలి?

గాజువాక సర్వీసు:

అది లెడ్ యాసిడ్ అంకుల్, చెత్తబండిలో మాత్రం వేయకండి. కొత్తది కొన్నచోటే ఇచ్చేయండి, రేటులో కొంత తగ్గిస్తారు. అడగందే తగ్గించరు, అడగండి.