పేష్కష్ అంటే కప్పమేనా? (పద్మనాభం, 1794)

నిన్న ఒకరు అడిగారు కదా, "విజయనగరం దగ్గర జరిగిన పద్మనాభం యుద్ధం గురించి చదువుతుంటే పేష్కష్ అనే మాట మాటిమాటికీ వస్తోంది, తెలుగులో కప్పం అని రాసేసుకోవచ్చా మాష్టారూ" అని. రాయొద్దండీ, కప్పం అనేస్తే ఆ ఏడాది జరిగిందాంట్లో సగం కనపడకుండా పోతుంది.

ఫార్సీలో పేష్ అంటే ముందు, ఎదుట. మంత్రిగారి పేషీ అంటాం చూడండి, అందులో ఉన్నదీ ఇదే. పెద్దవాళ్ల ఎదుట తెచ్చి పెట్టేది పేష్కష్, అంటే మొదట్లో అది కానుకే. రైతు జమీందారుకి కట్టేది శిస్తు, జమీందారు పైవాళ్లకి సమర్పించుకునేది పేష్కష్, ఈ రెండిటినీ కలిపేయకూడదు. ఇంకోటి, ఉత్తర సర్కార్లు (ఇప్పటి కోస్తాంధ్ర, దక్షిణ ఒడిశా తీర ప్రాంతం) చేతికొచ్చాక ఈస్టిండియా కంపెనీ కూడా వాటి కోసం నిజాంకి పేష్కష్ ఇచ్చుకునేది, 1823లో ఒకేసారి సొమ్ము ముట్టజెప్పి ఆ లెక్క తెంపుకుంది.

ఇప్పుడు 1794కి వద్దాం. విజయనగరం చిన విజయరామరాజు గారి మీద కంపెనీ చూపించిన పేష్కష్ బకాయి 8.5 లక్షల రూపాయలు. కానుకకి బకాయేంటండీ? ఎంత ఇవ్వాలో పుచ్చుకునేవాడే చెప్పి, ఇవ్వకపోతే బాకీ అని రాసుకుంటే అది ఇంక కానుక కాదు, కానీ పేరు మాత్రం అదే ఉండిపోయింది. జమీందారీ లాక్కుని నెలకి 1200 రూపాయలిస్తాం దూరంగా పోయి ఉండమన్నారు, ఆయన పోలేదు, పద్మనాభం దగ్గర ఆగిపోయారు, జులై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన వచ్చి మీద పడింది, రాజుగారూ ఆయన్ని వదలకుండా నిలబడ్డ బోలెడుమందీ అక్కడే పోయారు. అనంత పద్మనాభస్వామి కొండ మెట్లెక్కి కిందకి చూస్తే గోస్తనీ, పొలాలూ ప్రశాంతంగా కనిపిస్తాయి, నాకు మాత్రం ఎప్పుడు ఎక్కినా ఆ రోజే గుర్తొస్తుంది.

మా పెద్దమ్మ వాళ్లది ఆ పక్క ఊరే. మొన్న ఆవిడ ట్రంకుపెట్టె తీస్తే అడుగున ఎర్రదారంతో కట్టిన శిస్తు రసీదులున్నాయి, అన్నిటికంటే పైదాని మూలన సిరాతో "బకాయి లేదు" అని రాసుంది, దానికి పసుపు రాసి మరీ దాచుకున్నారు. ఆ రెండు మాటలకి మనవాళ్లిచ్చిన విలువ చూసి కాసేపు నోట మాట రాలేదు.

అందుకని మీ రాతలో పేష్కష్ అలాగే ఉంచేయండి, పక్కన "జమీందారు కంపెనీకి ఏటా కట్టాల్సిన సొమ్ము" అని ఒక ముక్క చాలు. మీ ఇళ్లల్లో పాత కాగితాల మీద ఈ మాట తెలుగులో రాసుంటే ఫొటో పెట్టండి, ష రాశారా స రాశారా చూడాలనుంది.