ఆన్‌లైన్ దరఖాస్తులను మీరు ఎంతవరకు నమ్ముతారు?

ప్రశ్న (మారతహళ్ళి పీజీవాసి):

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కొన్నేళ్ల అనుభవంతో బెంగళూరులోనే ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్నాను. మేముండే పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్లో అత్యధికులు తెలుగువారే అయినా, ఆన్‌లైన్ నియామకాల విషయంలో ఏ ఇద్దరి మాటా కలవదు. కొత్తగా చదువు ముగించి వచ్చినవారు నౌకరీ డాట్ కామ్‌లోనూ లింక్డ్‌ఇన్‌లోనూ కనిపించిన ప్రతి ప్రకటనకూ దరఖాస్తు పంపి, జవాబు రాకపోతే లోపం తమలోనే ఉందని కుంగిపోతున్నారు. అనుభవం ఉన్నవారేమో ‘అదంతా కంటితుడుపు, లోపల తెలిసినవాళ్లుంటేనే పని’ అని తేల్చేస్తూనే, ప్రతి ఉదయం ప్రొఫైల్ అప్‌డేట్ చేయడం మాత్రం మానరు. నమ్మకం లేని దేవుడికి ఈ నిత్యపూజ ఎందుకో నాకు అర్థం కాదు. దరఖాస్తు పంపిన తరువాత అవతల ఏం జరుగుతుందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (వైట్‌ఫీల్డ్, నియామకాల విభాగం):

మీ స్నేహితుల పూజ వ్యర్థమేమీ కాదండీ. జాబ్ పోర్టల్‌లో రెండు దారులున్నాయి. ప్రకటన చూసి మీరు దరఖాస్తు పంపడం ఒకటి. సంస్థలు చందా కట్టి, పోర్టల్‌లో ఉన్న రెజ్యూమేలను తామే వెతుక్కోవడం రెండవది. నౌకరీలో దీనిని రెస్‌డెక్స్ అంటారు. అక్కడ మేము నైపుణ్యం, అనుభవం, ఊరు, ఆశించే జీతం, నోటీస్ పీరియడ్ (రాజీనామా ఇచ్చాక పనిచేయాల్సిన గడువు), ప్రొఫైల్‌ను చివరిసారి వాడిన తేదీ వంటి ఫిల్టర్లు పెట్టి చూస్తాము కనుక, నెలల తరబడి తాకని ప్రొఫైల్ మా కంటబడే అవకాశం తక్కువ. అనుభవజ్ఞులకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ దారిలో వచ్చేవే.

ఫ్రెషర్ల పరిస్థితి వేరు. ఒకే ఖాళీకి వందలకొద్దీ దరఖాస్తులు వచ్చినప్పుడు, ఇంటర్వ్యూకు పిలవడానికి సరిపడినంతమంది దొరకగానే రిక్రూటర్ మిగిలినవాటిని తెరవడం మానేస్తారు. రెజ్యూమేలన్నిటినీ సంస్థలు దరఖాస్తులను ఒకచోట చేర్చి చూసుకునే ఏటీఎస్ సాఫ్ట్‌వేరే తిరస్కరిస్తుందన్న ప్రచారం బాగా ఉంది కానీ, నేను పనిచేసిన చోట్ల అది దరఖాస్తులను వరుసలో పెట్టేది, తప్పనిసరి ప్రశ్నలకు వచ్చిన జవాబులను బట్టి కొన్నిటిని పక్కకు తీసేది, అంతే. మీకు జవాబు రాలేదంటే చాలాసార్లు ఆ కాగితాన్ని ఎవరూ చదవలేదని అర్థం. ఇది ఓదార్పు కాదని నాకూ తెలుసు.

జవాబు 2 (ఎలక్ట్రానిక్ సిటీ, విరామం తరువాత మళ్లీ ఉద్యోగంలో):

రిఫరల్‌ను, అంటే లోపలివారి సిఫారసును, గొప్పగా చెప్పేవారు అది ఎవరికి అందుతుందో ఆలోచించరు. దగ్గరి బంధుమిత్రుల కన్నా ముఖపరిచయం ఉన్నవారి ద్వారానే ఉద్యోగ సమాచారం ఎక్కువగా అందుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెట్టర్ 1973లోనే వాదించారు. ఆ ముఖపరిచయాలైనా పెద్ద కాలేజీ, మొదటి నుంచి పెద్ద కంపెనీ ఉన్నవారికే సమకూరుతాయి. క్యాంపస్ నియామకాలు జరగని కాలేజీలో చదివి, ఇంట్లో మొదటి ఇంజనీరుగా ఈ ఊరికి వచ్చిన నాబోటివారికి సిఫారసు చేసేదెవరు? పైగా ఒకే కాలేజీవారు, ఒకే ప్రాంతంవారు ఒకరినొకరు లోపలికి తీసుకుంటూ పోతే బయటివారు బయటే ఉండిపోతారు. నన్ను ఏమాత్రం తెలియని మనిషి నా రెజ్యూమే చూసి ఫోన్ చేయడం పోర్టల్ వల్లే సాధ్యమైంది.

అలాగని దానిపై నాకు ప్రేమ లేదు. పిల్లల కోసం ఉద్యోగం మానిన నాకు ఒక సంస్థ దరఖాస్తు ఫారంలోని ‘ప్రస్తుత జీతం’ గడి పెద్ద పరీక్ష అయింది. ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు, సున్నా వేస్తే ఎవరూ పిలవరు. విరామానికి కారణం చెప్పుకునే చోటే అందులో లేదు. నాకు పోర్టల్‌పై ఉన్నది నమ్మకం కాదు, అవసరం.

జవాబు 3 (రాజాజీనగర్):

నేను పాతకాలపు వాడిని. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో పేరు నమోదు చేసుకుని, పత్రికల్లో ప్రకటనలు చూసి పోస్టులో దరఖాస్తులు పంపిన రోజుల్లోనూ జవాబులు వచ్చేవి కావు. నౌకరీ డాట్ కామ్ 1997లో మొదలైంది. మౌనం అంతకన్నా పాతది. కొత్తగా వచ్చి చేరింది మోసం. పోర్టల్‌లో పెట్టిన ఫోన్ నంబరు ఎవరెవరి చేతికో వెళ్లి, ‘రిజిస్ట్రేషన్ ఫీజు’, ‘ల్యాప్‌టాప్ డిపాజిట్’ అంటూ డబ్బు అడిగే ఫోన్లు వస్తుండటంతో, మా అబ్బాయి అసలైన రిక్రూటర్ల ఫోన్లు కూడా కట్ చేసేస్తున్నాడు. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగితే మాట్లాడటం అక్కడితో ఆపండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదు ఉచితం.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. వైట్‌ఫీల్డ్ వారికి ఒక సందేహం: నా నోటీస్ పీరియడ్ 90 రోజులు. నిజం రాస్తే ఫిల్టర్‌లోనే పోతానని పీజీలో అందరూ 30 అనే వేస్తున్నారు. నేనేం చేయాలి?

జవాబు 1 రాసినవారు:

90 అనే రాయండి. తరువాత బయటపడితే ఆఫర్ వెనక్కి పోవచ్చు. రాజీనామా ఇచ్చాక మాత్రం ‘నోటీస్‌లో ఉన్నాను’ అని మార్చి, చివరి పనిదినం తేదీ వేయండి. తొందరగా చేరేవారి కోసం వెతికే మాకు కావలసింది ఆ తేదీయే.