బైపాస్‌కు ఛాతీ ధమనిని ఎలా తీయాలి: కండతో కలిపా, విడిగానా?

ప్రశ్న (రోగి కుమార్తె)
మా నాన్నగారికి 64 ఏళ్లు, చాలాకాలంగా షుగరు ఉంది. గుండె రక్తనాళాలు మూడూ పూడుకుపోయాయని, బైపాస్ తప్పదని చెప్పారు. పూడిన చోటును దాటి గుండెకు రక్తం అందించేందుకు వాడే ఛాతీ లోపలి ధమనిని చుట్టూ ఉన్న కండ, సిరలతో కలిపి తీస్తామని ఒక డాక్టరుగారు, ధమనిని మాత్రమే విడదీసి తీయడం మేలని మరొకరు అన్నారు. దయచేసి వివరించగలరా?

జవాబు (గుండె సర్జన్, విడదీసే పద్ధతి వైపు)
అమ్మా, మీ నాన్నగారికి షుగరు ఉంది కనుక నేను రెండో పద్ధతి వైపే మొగ్గుతాను. రొమ్ము ఎముకకు రక్తం ప్రధానంగా ఈ ధమనుల నుంచే అందుతుంది. చుట్టూ ఉన్నదంతా కలిపి తీస్తే ఎముకకు రక్తం తగ్గి, కోత మానడం ఆలస్యమై, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. రెండు వైపుల ధమనులూ వాడే పక్షంలో ఇది మరీ ముఖ్యం. పైగా విడదీసిన ధమని ఎక్కువ పొడవు వస్తుంది కాబట్టి గుండె వెనుక వైపు నాళాలకూ అందుతుంది.

జవాబు (గుండె సర్జన్, కండతో కలిపి తీసే పద్ధతి వైపు)
ఎముక విషయంలో పై మాటతో ఏకీభవిస్తాను, కానీ మనం ఆపరేషన్ చేసేది గ్రాఫ్టు (గుండె నాళానికి అలా కుట్టిన ధమని) ఏళ్ల తరబడి తెరుచుకుని ఉండాలని. ఆ ధమని లోపలి వెడల్పు రెండు మిల్లీమీటర్ల మాట. దాని కొమ్మలు ఒక్కొక్కదానికీ క్లిప్పు వేసి, కాటరీ (రక్తస్రావం ఆపే విద్యుత్ పరికరం) వేడి ధమని గోడకు తగలకుండా, పట్టకారుతో ధమనిని నేరుగా పట్టుకోకుండా పైనుంచి కిందికి విడదీసుకుంటూ రావాలి. ఎక్కడ చెయ్యి తడబడినా లోపలి పొర చీలుతుంది, ఆ చీలిక అప్పటికప్పుడు కంటికి కనిపించకపోవచ్చు. చుట్టూ కండ ఉంటే ఆ దెబ్బను అది కాచుకుంటుంది. కాంపాస్ అనే వైద్య అధ్యయనంలో భాగంగా ఆపరేషన్ అయిన ఏడాది తర్వాత సీటీ స్కాన్ తీసి చూసిన సుమారు వెయ్యిమందిలో, విడదీసిన ధమనులు 9.6 శాతం, కండతో తీసినవి 3.9 శాతం మూసుకుపోయినట్టు 2021లో ప్రచురించారు. ఈ తేడాను పక్కన పెట్టి ఎముక గురించి మాత్రమే మాట్లాడడం నాకు సబబుగా తోచదు.

మొదటి సర్జన్ సమాధానం
ఆ అంకెలను నేను కాదనను. అయితే ఆ రోగులకు ఏ పద్ధతి అన్నది చీటీ తీసి నిర్ణయించలేదు, సర్జన్ల ఇష్టాన్ని బట్టి జరిగింది. రెండు ధమనులా, ఒకటా అని పోల్చిన ఆర్ట్ అధ్యయనం పదేళ్ల సమాచారాన్ని ఈ కోణంలో మళ్లీ పరిశీలించినప్పుడు విడదీసినవారిలో గుండె సమస్యలు కొంత ఎక్కువగానే కనిపించాయి. కానీ ఆ అధ్యయనంలో 50 మందికి పైగా రోగులను చేర్చిన సర్జన్ల విషయంలో ఆ తేడా చెప్పుకోదగ్గదిగా లేదు. లోపం పద్ధతిలో కంటే చేతి అలవాటులో ఉందని నేను అర్థం చేసుకుంటున్నాను.

రెండో సర్జన్ సమాధానం
అదే నేనూ అనేది. అలవాటు లేని చేతికి ఈ పద్ధతిని తప్పనిసరి చేయకూడదు. అమ్మా, ఒక్క ఎడమ ధమనినే వాడి, మిగతా నాళాలకు కాలి సిరనో ముంజేతి ధమనినో కుడతామంటే, షుగరు అదుపులో ఉన్నప్పుడు కండతో కలిపి తీసినా నాకు అభ్యంతరం లేదు. రెండు ధమనులూ తీస్తామంటే మాత్రం విడదీసే పద్ధతే కావాలి. మీ డాక్టరుగారిని ఈ రెండు సంగతులు అడగండి: ఎన్ని ధమనులు వాడబోతున్నారు, తాము రోజూ చేసే పద్ధతి ఏది. ఆపరేషన్‌కు ముందు గత మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, ఆ నివేదికను కూడా వారికి చూపించండి.